వేటపిల్ల మడమలు

నర్సీపట్నం,
ఆగస్టు 18.

షైనీ,

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పినదాంట్లో సగం మీ కొండ తినేసింది. "వేటపిల్ల" అన్నావు, "అక్టోబరు" అన్నావు, ఆ తర్వాత అంతా గరగర. విసుగొచ్చి కాగితం తీశాను. హాస్టల్ రోజుల్లో సెలవులకి ఇంటికెళితే ఉత్తరాలు రాసుకునేవాళ్ళం కదా, మళ్ళీ అలాగే రాసుకుందాం. పైగా ఇక్కడ ఫోన్‌లో మాట్లాడితే ఇల్లంతా వింటుంది.

ఇల్లంతా అంటే ఇప్పుడు మా అత్తమ్మ సింహాద్రమ్మ కూడా. కంటి ఆపరేషన్ చేయిద్దామని వాసు వాళ్ళమ్మని మాకవరపాలెం నుంచి తీసుకొచ్చాడు. రెండు కళ్ళకీ శుక్లాలు ముదిరిపోయాయి. మనిషిని గొంతుబట్టి గుర్తుపడుతోంది, గ్లాసుని తడిమి పట్టుకుంటోంది. ఆపరేషన్ అనగానే మాత్రం ససేమిరా అని కూర్చుంది. నలభై ఏళ్ళు వరినాట్లు వేసి, జీడితోటల్లో పిక్కలేరిన మనిషి, పాముకి భయపడదు, డాక్టరు చేతిలో కత్తికి భయపడుతోంది. వాసు బతిమాలాడు, నేను బతిమాలాను, లాభం లేకపోయింది. ఏమనుకుందో ఏమో, మొన్న శుక్రవారం సాయంత్రానికి తనంతట తనే సరేనంది. తీరా చూస్తే షుగరెక్కువ ఉందట, అది తగ్గాకే చేస్తామన్నారు.

నువ్వడిగావు కాబట్టి చెప్తున్నా, మన వేటపిల్ల బాగుంది. ముందుగదిలో అద్దాల బీరువాలో మధ్య అరలోనే ఉంది. ఒక పక్క వల బాగుచేసుకునే ముసలాయన, మరో పక్క గొడుగుపిల్ల. మొన్న పక్కింటి గౌతమి వచ్చి వేటపిల్ల చెయ్యి పైకెత్తబోయింది. కదలదమ్మా, ఇది పిల్లలాడుకునే బొమ్మ కాదు, చేసినవాళ్ళు ఎలా నిలబెట్టారో అలాగే ఉంటుంది, పెద్దవాళ్ళు దాచుకుని చూసుకోడానికి చేసినది అన్నాను. "చూసి ఏం చేస్తారు?" అని అడిగింది. ఎనిమిదేళ్ళుగా చూస్తున్నాం, ఇప్పటికీ పూర్తిగా చూసేశాననిపించదు. ఈటె పట్టుకుని నిలబడ్డ అడుగున్నర మనిషికి మెడ మీద చెమట కూడా పట్టించారు, కాళ్ళ దగ్గర పులికూనకి మీసాలు లెక్కపెట్టుకోవచ్చు. అదంతా గౌతమికి ఏం చెప్తాం?

ఆరు నెలలు నా దగ్గర, ఆరు నెలలు నీ దగ్గర అన్న ఒప్పందం మర్చిపోలేదు. అక్టోబరు మొదటి ఆదివారం నుంచి నీది. కాస్త అటూ ఇటూ అయితే మాత్రం పోట్లాటకి రాకు.

నీ రాజేశ్వరి


చింతపల్లి కొండ మీద నుంచి,
ఆగస్టు 30.

రాజీ,

నీ ఉత్తరం చేరడానికి పన్నెండు రోజులు పట్టింది. అయినా ఫోన్ కన్నా ఇదే నయం, సిగ్నల్ కోసం నేను నీళ్ళ ట్యాంకు మెట్లెక్కనక్కర్లేదు. నర్సుగారు రోజూ ట్యాంకెందుకు ఎక్కుతోందని ఊళ్ళో అందరికీ అనుమానంగా ఉంది.

సింహాద్రమ్మగారు ఒప్పుకోవడం చాలా మంచి కబురు. ఇక్కడ సూది మందుకే వెనక గుమ్మంలోంచి పారిపోయేవాళ్ళు ఉన్నారు. ఆవిడని ఏం చెప్పి ఒప్పించారో వివరంగా రాయి, నాకూ పనికొస్తుంది. షుగర్ తగ్గేదాకా రాత్రి అన్నం మాన్పించు, మొహమాటపడకు.

నాన్న అప్పుడే తన పుస్తకాల అలమరలో ఒక అర ఖాళీ చేసి పెట్టారు. ఈయనేనా ఆయన అనిపిస్తుంది నాకు. మొదటిసారి దాన్ని తెచ్చినరోజు గుమ్మంలోనే ఆపేశారు, గుర్తుందా? చర్చి సంఘ పెద్ద జ్ఞానానందం మేష్టారి ఇంట్లోకి విగ్రహమా అన్నారు. విగ్రహం కాదు నాన్నా, ఉత్త బొమ్మ, దీనికి ఎవరూ దండం పెట్టరు, అటు రాజీ ఇంట్లో గానీ ఇటు మనింట్లో గానీ అని మాటిచ్చాను. ఆ ఒక్క మాట మీదే లోపలికి రానిచ్చారు. అమ్మ పోయాక ఆయన ఎవరి మాటా అంత తేలిగ్గా నమ్మింది లేదు.

మెత్తటి బ్రష్‌తోనే దుమ్ము దులుపు. కిటికీ ఎండ తగలనివ్వకు, రంగు పచ్చబడిపోతుంది. ఈటె పట్టుకున్న కుడిచేతి జోలికి మాత్రం వెళ్ళకు, అది చాలా సున్నితం.

నీ షైని


నర్సీపట్నం,
అక్టోబరు 7.

షైనీ,

కోపంగా ఉన్నావని తెలుసు. నిన్న ఆదివారం రాలేకపోయాను. వానలు చూస్తున్నావుగా, ఘాట్ రోడ్డు మీద రాళ్ళు పడుతున్నాయంటున్నారు, ఆ కుదుపుల్లో ఈటె విరిగితే ఎవరిది పూచీ? డిపోలో మెకానిక్కులు తక్కువై వాసుకి సెలవు దొరకడం లేదు. మా డాక్యుమెంట్ రైటరుగారి ఆఫీసులో కూడా ఊపిరాడని పని, రోజంతా దస్తావేజులు టైపు చేసి చేసి వేళ్ళు మొద్దుబారిపోయాయి.

అత్తమ్మ షుగర్ ఇంకా దిగలేదు. పథ్యమంటే పథ్యమే, పాపం చాలా నిష్ఠగా ఉంటోంది.

వేటపిల్ల బాగుంది. వచ్చే నెలలో తప్పకుండా తెస్తాను. బాగుంది, బెంగపెట్టుకోకు.

రాజేశ్వరి


చింతపల్లి కొండ మీద నుంచి,
అక్టోబరు 22.

రాజేశ్వరీ,

"బాగుంది" అని రెండుసార్లు రాశావు. హాస్టల్లో నా గడియారం పోగొట్టినప్పుడు కూడా ఇలాగే "గడియారం బాగుంది, బాగుంది" అన్నావు.

వానలు తగ్గి పదిరోజులైంది. బస్సులు బ్రహ్మాండంగా తిరుగుతున్నాయి. మొన్న చింతపల్లి మీటింగుకి వెళ్ళినప్పుడు నీకు మెసేజ్ పెట్టాను, దాని ఫొటో ఒకటి పంపమని. నువ్వు వీపు పంపావు. ముందు నుంచి తియ్యవే అంటే వెలుతురు లేదన్నావు. పగలు పదకొండు గంటలకి నర్సీపట్నంలో వెలుతురు లేదా?

సూటిగా అడుగుతున్నాను. విరగ్గొట్టావా? ఎవరికైనా ఇచ్చేశావా? ఏమైనా సరే చెప్పు, భరిస్తాను. దాచడం మాత్రం భరించలేను. మనం దాన్ని కలిసి కొన్నది విడివిడిగా కొనుక్కునే స్తోమత లేక కాదు. ఒక వస్తువుని నమ్మకంగా పంచుకోగలమా లేదా చూద్దామనే కదా. ఇప్పుడు ఖాళీ అర చూసినప్పుడల్లా నాకు బొమ్మ కన్నా నువ్వే గుర్తొస్తున్నావు. ఇది ఇలాగే సాగితే దాన్ని నువ్వే ఉంచేసుకో, నాకు వాటా వద్దు, ఉత్తరాలూ వద్దు.

షైని


నర్సీపట్నం,
నవంబరు 2.

షైనీ,

ఉత్తరాలు వద్దన్నావు గానీ ఇదొక్కటీ చదువు. విరగలేదు, ఎవరికీ ఇవ్వలేదు. అంతకన్నా ఘోరమే జరిగింది.

ఆగస్టులో ఆ శుక్రవారం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ముందుగదిలో అగరొత్తుల వాసన. బీరువా తలుపు బార్లా తీసి ఉంది. వేటపిల్ల నుదుటి మీద రూపాయంత కుంకుమ బొట్టు, పాదాలకి నిండుగా తడి పసుపు, మెడలో బంతిపూలు. ఎదురుగా అత్తమ్మ చేతులు జోడించి కూర్చుంది. హ్యాండ్‌బ్యాగు భుజాన అలాగే ఉంచుకుని నిలబడిపోయాను. ఆవిడ తప్పేముంది చెప్పు? మసక కళ్ళకి ఏం కనిపిస్తుంది? నల్లటి ఒళ్ళు, విరబోసిన జుట్టు, చేతిలో ఈటె, కాళ్ళ దగ్గర పులి. తుడిచేద్దామని అడుగు ముందుకేశాను. అంతలో నా అలికిడి విని ఆవిడ ఇటు తిరిగింది.

"మరిడమ్మ తల్లి ఇంట్లో ఉందని ఒక్క మాట సెప్పవేటే? నాకింక బయం నేదు. ఆపరేషను సేయించుకుంటానని మొక్కేసినాను" అంది.

ఏం చెప్పమంటావు? నాలుగు వారాలు మేం బతిమాలితే వినని మనిషి. అది అమ్మవారు కాదత్తమ్మా, నేను దాచుకునే బొమ్మ అంటే ఆ రాత్రికే సంచి సర్దుకుని ఊరెళ్ళిపోతుంది, ఆ కళ్ళు ఇక అంతే. నోరు మూసుకున్నాను. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం పసుపు, బొట్టు. గౌతమి ఒకసారి అరటిపళ్ళు కూడా తెచ్చిపెట్టింది. నేను ఆఫీసుకెళుతూ తల తిప్పేసుకుంటున్నాను. నుదుటి మరక పోతుందో లేదో తెలియదు. పాదాలకైతే పసుపు గీతల్లోకి దిగిపోయింది.

మరకకి నేను ఏడవలేదు షైనీ. మీ నాన్నగారికి నువ్విచ్చిన మాట నా ఇంట్లో పోయింది, అందుకు ఏడ్చాను. ఆ మాట మీదే అది మీ ఇంట్లోకి వస్తోందని తెలిసి, ఈ బొట్టుతో దాన్ని నీకెలా పంపను? పంపకపోతే నిన్నెలా నిలుపుకోను? రెండు నెలలుగా నా పరిస్థితి ఇదీ. ఈ నెల ఇరవయ్యో తేదీ ఆపరేషన్ పెట్టారు. ఆ తర్వాత నువ్వేమంటే అది చేస్తాను.

రాజేశ్వరి


చింతపల్లి కొండ మీద నుంచి,
నవంబరు 11.

రాజీ,

చదివి మడిచేశాను. రెండు రోజులు నీ మీద కోపంతో పనిచేశాను, ఇక్కడ సూది మందు వేయించుకున్నవాళ్ళని అడుగు.

తర్వాత నేను నర్సునన్న సంగతి గుర్తొచ్చింది. ఆవిడ కళ్ళ కన్నా ఏ మాటా పెద్దది కాదు. ఆపరేషన్ అయ్యేదాకా దాన్ని అక్కడే ఉండనీ. నాన్నతో ఏం చెప్పాలో నాకింకా తెలియదు, భయంగానే ఉంది. ఆయన చూస్తే మళ్ళీ గుమ్మం దాటనివ్వరు.

ఒక్క షరతు. కళ్ళు వచ్చాక నిజం ఆవిడకి నువ్వే చెప్పాలి, నీ నోటితో. ఆవిడంతట ఆవిడ చూసి తెలుసుకుంటే మోసపోయాననుకుంటుంది. పెద్దవాళ్ళని ఆ స్థితికి తేకూడదు.

చుక్కల మందు వేళకి వెయ్యి. నువ్వు నాతో ముందే చెప్పాల్సింది, పిచ్చిదానా.

షైని


నర్సీపట్నం,
డిసెంబరు 3.

షైనీ,

ఆపరేషన్ అయింది! కుడి కన్ను చక్కగా వచ్చింది. కట్టు విప్పగానే వాసు మొహం చూసి "ఒరే, ముసిలోడివైపోనావేట్రా" అంది. వాసు అప్పటి నుంచి అద్దం ముందు నుంచి కదలడం లేదు.

ఇక నీ షరతు సంగతి. వారం రోజులు నానబెట్టాను, ఒప్పుకుంటున్నాను. నిన్న సాయంత్రం కొత్త కళ్ళజోడు ఇప్పించి తీసుకొచ్చాక, ధైర్యం తెచ్చుకుని పక్కన కూర్చున్నాను. అత్తమ్మా, బీరువాలో ఉన్నది అమ్మవారు కాదు, నేనూ షైనీ కలిసి కొనుక్కున్న బొమ్మ, నీకు చెప్పలేదు, తప్పు నాదే అని గడగడా చెప్పేశాను. ఆవిడ కొత్త కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. తర్వాత అందీ:

"రెండో శుక్రవారమే తెలిసిందే నాకు. పసుపు రాస్తంటే ఏళ్ళకి తగిలింది. మడమలు పగిలిపోయున్నాయి. అమ్మోరికి మడమలు పగుల్తాయేటి? నాలాగ నడిసిన మనిసి అనుకున్నాను."

షైనీ, ఎనిమిదేళ్ళు! చెమట చూశాం, పులి మీసాలు చూశాం, మడమలు మనం చూశామా? చీకటి కళ్ళతో ఆవిడ చూసింది. మరి తెలిశాక మొక్కెందుకు మానలేదు, ఆపరేషన్ వద్దని ఎందుకు అనలేదని అడిగాను. "అమ్మోరికైతే బయం ఉండదు, ఆవిడ సంగతేరు. ఈ పిల్ల మనిసే గదా. మనిసై ఉండి అడివిలో ఒక్కర్తీ నిలబడింది. నేను బల్ల మీద పది నిమసాలు పడుకోనేనా?" అంది. నేను ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చేశాను. నాకెందుకు చెప్పలేదని అడిగితే, నువ్వు సెప్పినావేటి అంది.

తర్వాత దాన్ని ఒళ్ళో పెట్టుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, అరగంట చూసింది. జీడి రసానికి కాలినట్టు చేతుల మీద మచ్చలున్నాయంది, నిజంగానే ఉన్నాయి. ఆఖర్న కుడిచేతి దగ్గర ఆగింది. "ఈ సిటికినేలు ఏరే సెయ్యి సేసిన పని. ఇదిగో, నా కట్టుడుపళ్ళ సామాను" అని నోట్లోంచి పళ్ళ సెట్టు తీసి పక్కన పెట్టి చూపించింది. అదే నునుపు, అదే మెరుపు.

ఇప్పుడు చెప్పు తల్లీ. కుడిచేతి జోలికి వెళ్ళకు, అది చాలా సున్నితం అని రాసిన మహాతల్లివి నువ్వు. దాచడం భరించలేనని పేజీ నిండా పాఠం చెప్పినదానివీ నువ్వే. మీ పెదనాన్నగారి అబ్బాయి సత్యప్రకాష్ విశాఖలో పళ్ళు కట్టే ల్యాబులో పనిచేస్తాడని నాకు తెలియదనుకున్నావా?

తిరిగి జవాబు రాసేదాకా నిన్ను వదలను.

రాజేశ్వరి


చింతపల్లి కొండ మీద నుంచి,
డిసెంబరు 10.

రాజీ,

నీ ఉత్తరం చదివి సిగ్గుతో చచ్చిపోయాను, నవ్వుతో మళ్ళీ బతికాను.

విరిగింది రెండేళ్ళ క్రితం. విరగ్గొట్టింది నేను కాదు, నాన్న. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి బొమ్మని బల్ల మీద పడుకోబెట్టి, భూతద్దం పట్టుకుని ఉన్నారు. నన్ను చూసి కంగారుగా లేపబోయారు, చిటికెనవేలు పుటుక్కుమంది. పరీక్షలో కాపీ కొడుతూ దొరికిన కుర్రాడిలా నిలబడ్డారు. దాన్ని చూడ్డానికే ఇష్టపడని మనిషి భూతద్దంతో ఏం చూస్తున్నారు నాన్నా అంటే అద్దాన్ని జేబులో పెట్టేసుకున్నారు. రాజీకి చెప్పకమ్మా, పరువు పోతుందన్నారు. ఆయన పరువు కాపాడ్డానికి నీకు అబద్ధం చెప్పాను. సత్యప్రకాష్ మూడు రోజులు కూర్చుని ఆ వేలు చేసిచ్చాడు. నీ మీద అరిచిన ప్రతిసారీ ఆ వేలు నన్ను పొడుస్తూనే ఉంది. క్షమించు.

బొట్టు సంగతి నాన్నకి ఇంకా చెప్పలేదు. నోరు రావడం లేదు. ఆయన మాత్రం రోజూ ఖాళీ అర తుడుస్తున్నారు.

షైని


నర్సీపట్నం,
డిసెంబరు 19.

షైనీ,

ఈ చీటీ వాసు చేతికిస్తున్నాను. వేటపిల్లని అత్తమ్మ తీసుకొస్తోంది. నాకు సెలవు దొరకలేదు. వాసు ఒక్కడూ తెస్తానంటే ఆవిడ ఒప్పుకోలేదు. మేష్టారికిచ్చిన మాట పోయింది నా వల్ల, నేనే వెళ్ళి చెప్పాలి అంటోంది. నేను బొట్టు తుడవబోతే తుడవనివ్వలేదు, ఉన్నది ఉన్నట్టు చూపించాలట. పాత డబ్బాలో దాని స్పాంజి గూట్లో పెట్టి, పైన కొత్త జాకెట్టు ముక్క చుట్టింది. ఏం జరిగినా వెంటనే రాయి. నాకు ఇక్కడ కాళ్ళు నిలవడం లేదు.

రాజేశ్వరి


చింతపల్లి కొండ మీద నుంచి,
డిసెంబరు 21.

రాజీ,

ముందే చెప్పేస్తున్నాను, వేటపిల్ల క్షేమంగా చేరింది, ఏదీ విరగలేదు. వాసు రేపు మధ్యాహ్నం బస్సుకి దిగుతాడు, ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తాను. సింహాద్రమ్మగారు మరో నాలుగు రోజులు ఉంటారట, క్రిస్మస్ చూసి వెళతారు. ఆవిడ షుగర్ బాధ్యత నాది.

ఘాట్ రోడ్డంతా డబ్బా ఒళ్ళోంచి దించలేదట. ఇంటికి రాగానే మంచినీళ్ళయినా తాగకుండా నాన్న ఎదురుగా బల్ల మీద డబ్బా విప్పారు. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. నాన్న బొట్టు చూశారు, పసుపు చూశారు, నా వైపు చూశారు. "దీనికి దండం పెట్టారా?" అని మెల్లగా అడిగారు.

నేను నోరు తెరిచేలోపు ఆవిడే అన్నారు. "నేనే పెట్టినాను మేష్టారూ. కళ్ళు కనపడక పెట్టినాను. మీ అమ్మాయికీ మా కోడలికీ ఏ పాపం తెల్దు. ఇప్పుడు కనపడతన్నాయి, అందుకే తెచ్చినాను."

నాన్న లేచి లోపలికెళ్ళారు. ఇక బయట పెట్టమంటారని నా ప్రాణాలు పోయాయి. గిన్నెలో సబ్బునీళ్ళు, దూది, భూతద్దం తెచ్చి బల్ల దగ్గర కుర్చీ లాక్కున్నారు. ఆవిడకీ ఒక కుర్చీ వేశారు. నుదుటి మీద కుంకుమ ఎంత ఓపిగ్గా తీశారనుకున్నావు, రంగు చెదరకుండా, చిన్నపిల్లకి మొహం తుడిచినట్టు. లేత గుర్తు మిగిలింది, అదీ భూతద్దంతో చూస్తేనే. నడుమ ఆవిడ బొమ్మ చిటికెనవేలు చూపించి, ఇది మీ పనేనటగదా మేష్టారూ అంటే ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆ రోజు భూతద్దంతో ఏం చూస్తున్నారో అప్పుడు బయటపడింది. మడమలట రాజీ. ఈయన కూడా వాటి దగ్గరే ఆగారు. మా నాయనమ్మ చెప్పుల్లేకుండా రోలుగుంట నుంచి నర్సీపట్నం సంతకి కూరగాయల తట్ట మోసేదని, ఆవిడ మడమలు సరిగ్గా ఇలాగే ఉండేవని చెప్పారు. ఇన్నేళ్ళలో నాకు ఆ మాట చెప్పలేదు.

నుదురు అయ్యాక పాదాలకొచ్చారు. పైన ఉన్న పసుపు పోయింది. మడమల పగుళ్ళలో దిగినది తియ్యడానికి అగ్గిపుల్లకి దూది చుట్టారు. అప్పుడు ఆవిడ ఆయన చేతికి తన చెయ్యి అడ్డం పెట్టారు.

"అది ఉంచీండి మేష్టారూ. దండానికి కాదు. పగిలిన మడమలకి పసుపు మందే గదా."

నాన్న ఆ మడమల వైపు చూస్తూ కూర్చున్నారు. "మా అమ్మా రాసుకునేది" అన్నారు. పుల్ల పక్కన పడేసి, దూది గిన్నె నాకిచ్చి, వేటపిల్లని రెండు చేతులతో ఎత్తి తీసుకెళ్ళి అలమర అరలో వీపు మా వైపుకి తిప్పి పెట్టారు, మడమలు కనిపించేలాగ.

నీ షైని